బంగారు సూత్రం సమాజ నీతికి పునాది కాగలదా? తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో నీతి, న్యాయం, పౌరధర్మం గురించి అప్పుడప్పుడు కూర్చుని మాట్లాడుకునే మా చర్చావేదికకు ఉపాధ్యాయులు, వకీళ్లు, రైతులు, కాలేజీ పిల్లలు వస్తుంటారు. మనుషులు మారినా ఈ సూత్రం ప్రస్తావన వచ్చినప్పుడు లేచే సందేహాలు మాత్రం మారడం లేదు. అందుకే వాటిని అడిగినవారి మాటల్లోనే ఇక్కడ ఒకచోట చేర్చాము. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## మొదట వచ్చే సందేహాలు

బంగారు సూత్రం అంటే అసలు ఏమిటి?

ఇతరులు ఏ పని చేస్తే మన మనసు నొచ్చుకుంటుందో ఆ పనిని మనం ఇతరులకు చేయకూడదనీ, ఏది చేస్తే బాగుండునని కోరుకుంటామో దానిని చేతనైనంతలో వారికి చేయాలనీ చెప్పేదే ఈ సూత్రం. తెలుగు చదువుకున్నవారికి ఇది కొత్త విషయం కాదు. 13వ శతాబ్దంలో తిక్కన తన భారతంలో దీన్ని ఒక కందపద్యంలో ఇమిడ్చాడు:

ఒరులేయవి యొనరించిన
నరవర! యప్రియము తన మనంబున కగు, దా
నొరులకు నవి సేయకునికి
పరాయణము పరమధర్మపథముల కెల్లన్.

పరమధర్మ మార్గాలన్నిటికీ ఇదే ఆధారమని పద్యం చెబుతున్నది. ఏమేమి చేయాలో, ఏమేమి చేయకూడదో పట్టిక మాత్రం ఇవ్వడం లేదు. ఒక పని చేయబోయే ముందు మనల్ని మనం అడుగుకోవలసిన ప్రశ్నను చేతికిచ్చి, జవాబు వెతుక్కునే బాధ్యతను మనకే వదిలిపెడుతున్నది. సూత్రానికి ఉన్న బలమూ, చిక్కులూ రెండూ ఇక్కడి నుంచే పుడతాయి.

ఇది బైబిల్లోని మాట కదా, మనవాళ్లు దీన్ని ఎందుకు పట్టుకోవాలి?

బైబిల్లో ఉన్న మాట నిజమే. మత్తయి సువార్త 7వ అధ్యాయం 12వ వచనంలో యేసు దీన్ని చెప్పాడు. కానీ అంతకు దాదాపు ఐదు శతాబ్దాల ముందే చైనాలో కన్ఫ్యూషియస్, జీవితమంతా పాటించదగిన ఒక్క మాట ఏదైనా ఉన్నదా అని శిష్యుడు అడిగినప్పుడు, నీకు వద్దనుకున్నదాన్ని ఇతరుల మీద రుద్దకు అన్న అర్థంలో జవాబిచ్చాడు. దండానికి అందరూ భయపడతారు, అందరికీ ప్రాణం తీపి, కాబట్టి తనతో పోల్చి చూసుకుని ఎవరినీ చంపకూడదు, చంపించకూడదు అని బౌద్ధుల ధమ్మపదం చెబుతుంది. తనకోసం కోరుకున్నదాన్నే తన సోదరునికోసం కూడా కోరుకోనంతవరకు ఎవరి విశ్వాసమూ పూర్తి కాదని ప్రవక్త ముహమ్మద్ చెప్పినట్లు హదీసు ఉన్నది. 1993లో చికాగోలో జరిగిన ప్రపంచ మతాల సభలో వెలువడిన నీతి ప్రకటన, ఇన్ని మతాలకు ఉమ్మడిగా ఏదైనా పునాది ఉంటే అది ఇదేనని ఈ సూత్రాన్నే ముందుకు తెచ్చింది.

ఉగాదికి దేవుని కడప వేంకటేశ్వరుని గుడికి ముస్లింలు వచ్చి కొబ్బరికాయ కొట్టే ఊళ్లో, పెద్ద దర్గాకు హిందువులు బారులు తీరే ఊళ్లో కూర్చుని, ఇది ఎవరి సూత్రమని తగవు పడటం కొంత విడ్డూరమే.

దేవుణ్ణి నమ్మనివాళ్లకు కూడా ఇది వర్తిస్తుందా?

వర్తిస్తుంది. నొప్పి తెలిసిన మనిషి కావడం, ఎదుటివాడికీ నొప్పి ఉంటుందని గ్రహించగలగడం, ఈ రెండూ ఉంటే చాలు. 19వ శతాబ్దపు ఆంగ్ల తత్త్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ తన నీతిశాస్త్రాన్ని ఏ మతం మీదా నిలబెట్టలేదు. అయినా తాను చెప్పే ఉపయోగవాద నీతి, అంటే ఎక్కువమందికి ఎక్కువ సుఖం కలిగించే పనే మంచిదనే నీతి, దాని సారమంతా యేసు చెప్పిన ఈ సూత్రంలో ఉన్నదని రాశాడు.

'చేయకు' అన్నా 'చెయ్యి' అన్నా ఒకటే కదా?

ఒకటి కాదు. తిక్కన పద్యం, కన్ఫ్యూషియస్ జవాబు నిషేధరూపంలో ఉన్నాయి. మత్తయి సువార్తలోని మాట విధిరూపంలో ఉన్నది. ఆర్టీసీ బస్సు స్టాండులోకి రాగానే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టే అలవాటు మన దగ్గర అందరికీ తెలిసినదే. తలుపు దగ్గర తోపులాటలో నలిగి, ఎలాగో లోపలికి ఎక్కి, ఖాళీగా కనిపించిన సీటు మీద ఎవరిదో తువ్వాలు చూసినప్పుడు మనకు కలిగే చిరాకును గుర్తు చేసుకుని మనం తువ్వాలు విసరకపోవడం నిషేధరూపం. చంకలో బిడ్డతో నిలబడిన తల్లికి లేచి సీటు ఇవ్వడం విధిరూపం.

మొదటిది ఎవరినైనా అడగవచ్చు, ఎందుకంటే హాని చేయకుండా ఉండటానికి డబ్బు, బలం, తీరిక అక్కరలేదు. రెండవది శక్తిని బట్టి, సందర్భాన్ని బట్టి ఉంటుంది. మోకాళ్ల నొప్పితో కూర్చున్న ముసలాయన లేవలేదని ఎవరూ తప్పుపట్టరు. నిషేధరూపం తక్కువ స్థాయిదనీ, విధిరూపమే గొప్పదనీ కొందరు వాదిస్తారు. వ్యక్తి ఉన్నతి విషయంలో అది నిజం కావచ్చు గానీ, ఒకరి ముఖం ఒకరికి తెలియని లక్షలమంది కలిసి బతికే సమాజంలో ముందుగా అందరి నుంచీ రాబట్టవలసింది నిషేధరూపాన్నే అని మా అభిప్రాయం.

## ఆచరణలో పెట్టేటప్పుడు

నాకు నచ్చింది ఎదుటివాళ్లకు నచ్చకపోతే ఏం చేయాలి?

నాటక రచయిత బెర్నార్డ్ షా 1903లో ఈ సూత్రాన్ని ఎగతాళి చేస్తూ, ఇతరులు నీకు ఏమి చేయాలని కోరుకుంటావో అది వారికి చేయకు, వారి అభిరుచులు వేరుగా ఉండవచ్చు అన్నాడు. చమత్కారం బాగున్నది, పైగా అందులో పస కూడా ఉన్నది. "మా నాయన చూసిన సంబంధమే నేను చేసుకున్నాను, సుఖంగా ఉన్నాను, కాబట్టి నా కూతురికి కూడా నేను చూసిన సంబంధమే చేస్తాను" అని ఒక తండ్రి అన్నప్పుడు, తాను సూత్రాన్ని పాటిస్తున్నాననే ఆయన నమ్మకం. అయితే ఆయన తన ఇష్టాన్ని కూతురి మీదికి బదిలీ చేస్తున్నాడే తప్ప కూతురి స్థానంలోకి వెళ్లడం లేదు.

సూత్రాన్ని ఒక మెట్టు పైనుంచి చూడాలి. నా జీవితంలోని ముఖ్యమైన విషయాన్ని నన్ను అడగకుండా ఇంకొకరు తేల్చేస్తే నాకు ఎట్లా ఉంటుంది అన్నది ఇక్కడ సరైన ప్రశ్న. నా అభిరుచిని గౌరవించాలని నేను కోరుకుంటాను కాబట్టి ఆమె అభిరుచిని నేను గౌరవించాలి. ఇట్లా చదివితే షా వేసిన ఆక్షేపణకు జవాబు సూత్రంలోనే దొరుకుతుంది.

ఎదుటివాళ్ల స్థానంలో ఉండి ఆలోచించాలంటారు, అది అయ్యే పనేనా?

పూర్తిగా కాదు. చాలామంది అనుకునేదానికంటే ఇది కష్టమైన పని. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి ప్రతి ఏటా వేలాది కుటుంబాలు సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరపకోతకో పత్తితీతకో పోతాయి. వారిని పనిలో పెట్టుకునే ఆసామి మంచివాడే అనుకుందాం. "నేనే కూలివాడినైతే వేళకు కూలి, ఉండటానికి ఒక రేకుల కొట్టం ఉంటే చాలనుకుంటాను" అని ఆయన మనస్ఫూర్తిగా అనుకోవచ్చు. మగవాడైన ఆయన ఊహకు మరుగుదొడ్డి లేని చోట ఆడవాళ్లు తెల్లవారకముందే లేచి వెళ్లవలసి రావడం తట్టదు. సొంత ఊళ్లో ఉన్న ఆయన ఊహకు, అవ్వ దగ్గర వదిలి వచ్చిన పిల్లవాడు బడి మానేశాడేమోనన్న దిగులు అందదు. మిరపకాయలు కోసిన చేతుల మంట రాత్రి అన్నం కలుపుకునేటప్పుడు ఎట్లా ఉంటుందో కూడా అంతే.

ఊహకు హద్దు ఉన్నది కాబట్టి అడగడం తప్పనిసరి. ఇబ్బంది ఏమిటని అడిగి, వాళ్లు చెప్పింది విని, అప్పుడు ఆ స్థానంలో తనను పెట్టుకుంటేనే సూత్రం సరిగా పనిచేస్తుంది. అడగకుండా మనసులోనే ఎదుటివాడి జవాబు కూడా మనమే రాసుకోవడం దయగల పెద్దమనుషులు తరచుగా చేసే పొరపాటు.

శనక్కాయల బేరంలో, వ్యాపారంలో ఇదంతా నడుస్తుందా?

బేరమాడటం ఈ సూత్రానికి విరుద్ధం కాదు. కొనేవాడు తక్కువకు అడుగుతాడనీ, అమ్మేవాడు ఎక్కువకు చెబుతాడనీ ఇద్దరికీ తెలుసు. ఒకరి స్థానంలో ఇంకొకరు ఉన్నా అదే చేస్తారు. ఎదుటివాడికి తెలియకుండా జరిగేవాటి దగ్గర, తెలిసినా కాదనలేని పరిస్థితిలో జరిగేవాటి దగ్గర సూత్రం అడ్డుపడుతుంది. తూకం అయిన తరువాత తేమ పేరుతోనో మట్టి పేరుతోనో ఇష్టం వచ్చినంత తరుగు తీయడం ఇట్లాంటిదే. ట్రాక్టరు బాడుగ ఇచ్చి సరుకు తెచ్చిన రైతు దాన్ని తిరిగి ఇంటికి తీసుకుపోలేడన్న సంగతి ఆ వ్యాపారికి బాగా తెలుసు. అదే వ్యాపారి నూనె మిల్లుకు సరుకు పంపినప్పుడు మిల్లువాళ్లు అదే పద్ధతిలో కోత పెడితే గొంతెత్తి అరుస్తాడు. ఆ అరుపే ఆయన రైతుకు ఇవ్వవలసిన జవాబు. రైతు కూడా బస్తా అడుగున నాసిరకం కాయలు పోసి పైన మేలురకం పరచినప్పుడు ఇదే ప్రశ్నకు నిలబడాలి.

వాడు నాకు చేసిందే నేను వాడికి చేస్తే తప్పేముంది?

మా దగ్గర మిగతా అన్ని ప్రశ్నలకంటే ఎక్కువసార్లు వచ్చేది ఇదే. రాయలసీమలో ఇది అడగడానికి తగిన చరిత్ర కూడా ఉన్నది. బంగారు సూత్రమూ, చెల్లుకు చెల్లూ పైకి ఒకే తీరుగా కనిపించడం వల్ల ఈ గందరగోళం పుడుతుంది. రెండింటిలోనూ 'నేను', 'వాడు' ఉన్నారు, రెండింటిలోనూ సమానత్వం లాంటిది ఏదో ఉన్నది. కానీ చెల్లుకు చెల్లు గడిచినదాన్ని చూస్తుంది: వాడు నాకు ఏమి చేశాడు? బంగారు సూత్రానికి ఆ లెక్క అక్కరలేదు. వాడి స్థానంలో నేను ఉంటే నాకు ఏమి జరగాలని కోరుకుంటాను అన్నదే దాని ప్రశ్న. తిక్కన పద్యంలో ఎక్కడా "వాడు నీకు చేయకపోతే" అన్న షరతు లేదు.

ఫ్యాక్షన్ నడిచిన పల్లెల్లో ఈ తేడా ఎంత ఖరీదైనదో పెద్దవాళ్లు చెబుతారు. ఒక వర్గంలో ఒకరు పడితే, దానికి సమంగా అవతలి వర్గంలో ఒకరు పడాలి. ఆ సమానం ఎన్నడూ కుదరదు, ఎందుకంటే మొదటి దెబ్బ ఎవరిదన్న విషయంలో ఇరువర్గాల లెక్కలూ కలవవు. ఈలోగా చేలు బీడుపడతాయి, మగవాళ్లు కోర్టు వాయిదాలకు తిరుగుతారు, పొలం అమ్మిన డబ్బు వకీళ్ల ఫీజులకు సరిపోదు, పక్క ఊరి బడికి పిల్లలను పంపడానికి తల్లులు భయపడతారు. ఇన్ని దశాబ్దాల పగలో ఇరువైపులా విధవరాళ్లయిన ఆడవాళ్ల స్థానంలో తమను ఊహించుకుని కత్తి పట్టినవాడు ఒక్కడూ ఉండడు.

ఈ నేల మీదే తిరిగిన వేమన మాట ఇంకా ఒక అడుగు ముందుకు వేస్తుంది:

చంపదగినయట్టి శత్రువు తనచేత
జిక్కెనేని కీడు సేయరాదు
పొసగ మేలుచేసి పొమ్మనుటే చాలు
విశ్వదాభిరామ వినురవేమ.

ఇది అందరికీ సాధ్యమని మేము అనము. మేలు చేసి పంపలేకపోయినా, కీడు చేయకుండా పోలీసుకూ న్యాయస్థానానికీ అప్పగించడం మాత్రం ఎవరికైనా సాధ్యమే.

మనం మెత్తగా ఉంటే అలుసైపోమా?

సూత్రాన్ని పాటించడమంటే దెబ్బలు తింటూ ఊరుకోవడం కాదు. గట్టును కొంచెం కొంచెంగా జరుపుతూ పక్క పొలంవాడు మన భూమిలోకి వస్తుంటే సర్వేయరును పిలిపించి కొలతలు వేయించడంలో సూత్రానికి విరుద్ధమైనది ఏదీ లేదు; మనమే గట్టు జరిపి ఉంటే మన మీద అట్లాంటి విచారణ న్యాయమేనని మనం ఒప్పుకుంటాం కదా. రాత్రికి రాత్రి వెళ్లి వాడి గట్టును ఇంకా ఎక్కువ జరపడం మాత్రం వేరే దారి.

పదేపదే ఎదురుపడే ఇద్దరి మధ్య ఎట్లాంటి నడవడి నిలుస్తుందో అమెరికా పండితుడు రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ కంప్యూటరు పోటీల ద్వారా పరిశీలించి 1984లో ఒక పుస్తకం ప్రచురించాడు. ముందుగా తాను మంచిగా మొదలుపెట్టి, ఎదుటివాడు మోసం చేసినప్పుడు దానికి తగిన జవాబిచ్చి, వాడు దారికి రాగానే తిరిగి కలిసిపోయే పద్ధతి ఆ పోటీల్లో గెలిచింది. ఆ పద్ధతి బంగారు సూత్రం కాదు, బదులుకు బదులే. కానీ తానుగా మొదట చెడు చేయకపోవడం, మనసులో పెట్టుకోకపోవడం అనే రెండు గుణాలే దాన్ని నిలబెట్టాయి.

## వాదనకు దిగేవారి అభ్యంతరాలు

జడ్జి గారూ, మీరు నా స్థానంలో ఉంటే జైలుకు పోవాలనుకుంటారా అని దొంగ అడిగితే?

జర్మన్ తత్త్వవేత్త ఇమాన్యుయేల్ కాంట్ 1785లో దాదాపు ఇదే అభ్యంతరాన్ని లేవనెత్తాడు. ఈ సూత్రం ఆధారంగా నేరస్థుడు తనను శిక్షించే న్యాయమూర్తితో వాదనకు దిగవచ్చనీ, కాబట్టి దీన్ని సార్వత్రిక నియమంగా ఒప్పుకోలేమనీ ఆయన అన్నాడు.

జవాబు ఏమిటంటే, న్యాయమూర్తి ఎదుట ఉన్నది దొంగ ఒక్కడే కాదు. కూతురి పెళ్లికి దాచిన నగ పోగొట్టుకున్న ఇల్లాలు ఉన్నది, రేపు పోగొట్టుకోబోయే వారున్నారు. అందరి స్థానాల్లోకీ వెళ్లి చూసిన తరువాత, నేరానికి తగిన శిక్ష ఉండాలని ఎవరైనా కోరుకుంటారు. అదే సమయంలో దొంగ స్థానంలోకి వెళ్లడం వ్యర్థం కాదు. విచారణ లేకుండా కొట్టకూడదు, వకీలును పెట్టుకునే వీలుండాలి, శిక్ష నేరాన్ని మించకూడదు అన్న నియమాలన్నీ "నిందితుడి స్థానంలో నేనుంటే" అన్న ఆలోచన నుంచి వచ్చినవే.

నాకు అట్లా జరిగినా ఫరవాలేదు అనే మొండివాణ్ణి ఏం చేస్తాం?

ఆంగ్ల తత్త్వవేత్త ఆర్.ఎం. హేర్ 1963లో ఈ చిక్కునే చర్చించాడు. తాను ద్వేషించే జాతిలో తానే పుట్టి ఉంటే తననూ చంపవలసిందేనని చెప్పే మతోన్మాదిని తర్కంతో ఓడించడం కష్టమని ఆయన ఒప్పుకున్నాడు. మేమూ ఒప్పుకుంటాం. అట్లాంటివారు అరుదు. ఎక్కువమంది మాటవరసకు "నాకైనా అంతే" అంటారు గానీ, తమ బిడ్డను ఆసుపత్రి వరండాలో పట్టించుకోకుండా వదిలేసినప్పుడు ఆ మాట మీద నిలబడరు. నిజంగా నిలబడేవాడి నుంచి మిగతావారిని కాపాడేది చట్టమే.

'ఒరులు' అంటే ఎవరెవరు? అందరూనా?

సూత్రానికి అసలు పరీక్ష ఇక్కడే జరుగుతుంది. తరతరాలుగా ఈ పద్యాన్ని కంఠస్థం చేసిన ఇళ్లలోనే, దళితవాడలో ఉన్నవారి కోసం వేరే గ్లాసు పెట్టారు. పద్యం మరచిపోయి కాదు. ఆ గ్లాసులో తాగేవాడు 'ఒరుల' లెక్కలోకి వస్తాడని తోచక. సూత్రం తనంతట తాను ఈ గుడ్డితనాన్ని తొలగించలేదు. ఎవరి నొప్పిని లెక్కించాలో అది చెప్పదు. ఆ నిర్ణయం బయటి నుంచి రావాలి.

కడప జిల్లా తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య 15వ శతాబ్దంలో, నిండార రాజు నిద్రించు నిద్రయు నొకటే, అండనే బంటునిద్ర అదియు నొకటే అని పాడి ఆ నిర్ణయానికి కావలసిన ఆధారాన్ని చూపించాడు. రాజుకూ బంటుకూ నిద్ర ఒకటే అయినప్పుడు నొప్పి మాత్రం వేరు ఎట్లా అవుతుంది? అయినా పాట వల్ల గ్లాసు మారలేదు. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసి, 1955లో పార్లమెంటు చేసిన చట్టం దుకాణంలో, హోటల్లో, బావి దగ్గర ఆ వివక్ష చూపడాన్ని శిక్షార్హం చేసిన తరువాతనే మార్పుకు గట్టి ఊతం దొరికింది.

ఇప్పుడు గ్లాసులు చాలాచోట్ల పోయాయి. దాని స్థానంలో, అద్దె ఇంటికోసం వెళ్లినవాణ్ణి "మీరేమిట్లు?" అని కులం మెల్లగా అడిగి, జవాబు విన్న తరువాత "మా తమ్ముడు వస్తున్నాడు, ఇల్లు ఇవ్వడం లేదు" అని చెప్పే పద్ధతి వచ్చింది. అట్లా చెప్పేవారు తమ కొడుకుకు బెంగుళూరులోనో హైదరాబాదులోనో తిండి అలవాట్ల పేరు మీదో ఊరి పేరు మీదో ఇల్లు దొరకకపోతే పడే బాధను ఒకసారి తలుచుకోవాలి.

పశువులు, ఇంకా పుట్టనివాళ్లు కూడా లెక్కలోకి వస్తారా?

నొప్పి ఉన్న ప్రాణి ఏదైనా నిషేధరూపంలోని సూత్రం పరిధిలోకి వస్తుందని మేము భావిస్తాం. మోయలేని బరువుకు మోకాళ్ల మీద పడిన ఎద్దును ముల్లుకర్రతో పొడిచేవాడికి దాని నొప్పి తెలియక కాదు.

పుట్టబోయేవారి విషయం ఇంకా చిక్కైనది. వాళ్లను అడిగి తెలుసుకోలేము, వాళ్లు మనకు తిరిగి ఏమీ చేయలేరు. అందుకే సూత్రాన్ని ఇచ్చిపుచ్చుకోవడంగా అర్థం చేసుకున్నవారు ఇక్కడ తడబడతారు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురంలో ఇది ఊహాలోకపు ప్రశ్న కాదు. తాతలు దిగుడుబావిలోంచి కపిలతో తోడుకున్న చోట ఇప్పుడు వందల అడుగుల బోరు వేస్తున్నారు. పక్కవాడి బోరుకు నీళ్లు పడ్డాయని తెలియగానే గట్టు అవతల రిగ్గు దిగుతుంది, ఇంకొంచెం లోతుకు పోతుంది, మొదటి బోరు ఎండిపోతుంది, మొదటివాడు మళ్లీ అప్పు చేసి ఇంకా లోతుకు వేస్తాడు. ఇద్దరూ కలిసి తోడేస్తున్నది తమ మనవళ్ల నీళ్లను. మన తాతలు ఇట్లాగే చేసి ఉంటే మనం వారిని ఏమనేవాళ్లమో తలుచుకుంటే జవాబు దొరుకుతుంది. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, అందరూ వాల్టా అనేది, బోరుకు ముందుగా అనుమతి తీసుకోవాలన్నది ఇందుకే. ఆ అనుమతి తీసుకోకుండా రాత్రిపూట రిగ్గు పిలిపించేవాడు కూడా, పక్కవాడు అదే పని చేస్తే ఫిర్యాదు రాస్తాడు.

## సమాజానికి పునాదిగా

ఈ ఒక్క సూత్రం మీద సమాజమంతా నిలబడుతుందా?

ఒక్కదాని మీదనే నిలబడదు. ఒంటికాలి మీద నిలబడి ఉన్నంతసేపట్లో ధర్మశాస్త్రమంతా నేర్పమని అడిగిన మనిషికి యూదు గురువు హిల్లెల్, నీకు ఏది అసహ్యమో దాన్ని తోటివాడికి చేయకు, శాస్త్రమంతా ఇదే, మిగతాది వ్యాఖ్యానం అని చెప్పినట్లు యూదుల గ్రంథాల్లో ఉన్నది. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. హిల్లెల్ ఆపలేదు; వెళ్లి ఆ వ్యాఖ్యానాన్ని చదువుకో అని కూడా అన్నాడు.

పన్ను ఎంత ఉండాలి, కాలువకు నీళ్లు ఏ తేదీన వదలాలి, ఆస్తి ఎట్లా పంచాలి అన్నవి ఈ సూత్రం నుంచి నేరుగా తేలవు. వాటికి లెక్కలు, చట్టాలు, అనుభవం కావాలి. ఆ చట్టం చేసేటప్పుడు, దాని వల్ల నష్టపోయేవాడి స్థానంలో నేనుంటే దీన్ని న్యాయమని ఒప్పుకుంటానా అని అడగడం సూత్రం పని. చట్టం చూడలేని చోట్ల, అంటే ఇంట్లో కోడలితో మాట్లాడే తీరులో, వంటమనిషికి పెట్టే అన్నంలో, ఫోనులో ఇంకొకరి గురించి చెప్పుకునే మాటల్లో, దాదాపు ఈ సూత్రమే దిక్కు.

మనుషుల మధ్య సరే, ప్రాంతాల మధ్య కూడా దీన్ని అడగవచ్చా?

అడగాలి, సీమవాళ్లు తప్పకుండా అడగాలి. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్ ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకులు కుదుర్చుకున్న ఒడంబడిక, కృష్ణా తుంగభద్ర జలాల వాడకంలో వెనుకబడిన సీమ అవసరాలకు కొంతకాలం ముందు చోటు ఇవ్వాలన్నది. ఆ మాట ఎంతవరకు నిలిచిందన్న చర్చ ఈనాటికీ ఇక్కడ ఆగలేదు. బలమున్నవాడు బలం లేనివాడి స్థానంలో తనను ఉంచుకుని చూడాలన్న ఆలోచన మాత్రం ఆ కాగితంలో ఉన్నది.

1971లో జాన్ రాల్స్ అనే అమెరికా తత్త్వవేత్త దీనికి దగ్గరి ఉపాయం ఒకటి చెప్పాడు. తాను ఏ కులంలో, ఏ ఆస్తితో, ఏ తెలివితో పుడతాడో తెలియనట్లు భావించుకుని సమాజ నియమాలను రాయమన్నాడు. మనకు అన్వయించుకుంటే, డెల్టాలో పుడతామో మడకశిరలో పుడతామో తెలియకుండా నీటి పంపకం రాయాలన్నమాట.

ఈ ప్రశ్న సీమ లోపలికి కూడా వస్తుంది. సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా వచ్చే కె.సి. కాలువ మీద, ఎగువ రైతు వరి వేసి తూము తెరచుకుంటే చివరి ఆయకట్టువాడి పైరు ఎండుతుంది. కోస్తావారిని శ్రీబాగ్ గురించి అడిగే నోటితోనే ఎగువ ఊరివాడు దిగువ ఊరివాడికి జవాబు చెప్పవలసి ఉంటుంది.

పిల్లలకు దీన్ని ఎట్లా నేర్పాలి?

పద్యం కంఠస్థం చేయించడంలో తప్పు లేదు, అది ఎప్పుడో ఒకప్పుడు అక్కరకు వస్తుంది. కానీ "నీకు అట్లా చేస్తే ఎట్లా ఉంటుంది?" అని బెత్తం చేతిలో పట్టుకుని అడిగితే పిల్లవాడు నేర్చుకునేది బెత్తం గురించే. ఇద్దరు పిల్లలు కొట్టుకున్నప్పుడు ఒకరి తరఫున ఇంకొకరిని మాట్లాడమనడం మేము చూసినవాటిలో బాగా పనిచేసే పద్ధతి. పెన్ను లాక్కున్నవాడు, పోగొట్టుకున్నవాడి వైపు నుంచి జరిగింది చెప్పాలి. అవతలివాడు "అట్లా కాదు సార్, ఇంకోటి కూడా ఉంది" అని సరిదిద్దుతాడు. ఆ సరిదిద్దడాన్ని మధ్యలో ఆపకూడదు, ఎందుకంటే తాను ఊహించింది చాలలేదన్న సంగతి పిల్లవాడికి అక్కడే తెలుస్తుంది. ఎనిమిది, తొమ్మిదేళ్లు దాటిన పిల్లలతో ఇది సాఫీగా సాగుతుంది. అంతకంటే చిన్నవారితో ఓపిక కావాలి, అప్పుడప్పుడు ఇద్దరూ కలిసి ఏడుస్తారు.